అందరికీ వెళ్ళిన గమనిక

“నిన్న ఒకటి పంపావు, పిల్ల ఇల్లు వదిలిపోయింది. ఇవాళ ఇంకోటి పంపి ఏం చేద్దామని?”

భర్త ఆ మాట అంటూనే చెప్పుల కోసం వెతుకుతున్నాడు. చెప్పులు ఆయన కాళ్ళకే ఉన్నాయి. రాత్రంతా వాటితోనే ఇల్లంతా తిరిగి ఆ సంగతే మర్చిపోయాడు. ఇంకో రోజైతే ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వేవారు.

గమనికమ్మ వంటగది గుమ్మానికి ఆనుకుని నిలబడింది. పొయ్యి మీద పాలు పొంగి, గిన్నె మాడుతున్నా ఆ వాసన ఆవిడ ముక్కుకి సోకలేదు. అత్తగారే లేచి వెళ్ళి మంట ఆర్పింది.

గమనికమ్మ అన్నది కాలేజీ పిల్లలు పెట్టిన పేరు. ‘విద్యార్థులకు, సిబ్బందికి గమనిక’ అని మొదలుపెట్టకుండా ఆవిడ నోట మాట రాదని వాళ్ళ వెక్కిరింత. పరీక్ష తేదీ మారినా, హాస్టల్లో నీళ్ళు రాకపోయినా, లైబ్రరీలో ఎవరిదో గొడుగు దొరికినా ఆ కబురు ఆవిడ చేతి మీదుగానే అందరి ఫోన్లకీ వెళ్ళాలి. వెళుతుంది సరే, చదివేవాళ్ళేరీ? చెవిటివాడి ముందు శంఖం ఊదే ఉద్యోగం నాది అని ఆవిడే నవ్వుతూ చెప్పుకునేది.

“పేరు పెట్టను. ఒక విద్యార్థిని అని రాస్తాను. నిన్న సాయంత్రం చూసినవాళ్ళు ఎవరన్నా ఉంటే చెప్తారు” అంది.

“కింద మీ విభాగం పేరుంటుందిగా. పిల్ల ఆపేసిన ఫోను ఎప్పుడో ఒకప్పుడు తెరుస్తుంది. తెరవగానే కనిపించేది మళ్ళీ నువ్వేనా? ఇంకా దూరం పోతుంది.”

“పోలీసులు ఏమన్నార్రా?” అంది అత్తగారు.

“స్నేహితుల్ని అడగమన్నారు. ఫొటో తీసుకున్నారు. ఈడొచ్చిన పిల్ల, అలిగి ఎవరింట్లోనో ఉంటుంది, వస్తుందిలే అన్నారు.”

“వాళ్ళ నోటి మాట ఫలించాలి.”

పిట్ట గది తలుపు బార్లా తీసి ఉంది. ఆ ఇంట్లో ఒక్కగానొక్క ఆడపిల్లని పిట్ట అనే పిలుస్తారు. మంచం మీద దుప్పటి మడత విప్పలేదు. ముగ్గురిలో ఎవరూ అటు చూడటం లేదు, చూడకుండా ఉండటం మాత్రం ముగ్గురికీ తెలుస్తూనే ఉంది.

“ఒక మాట అడుగుతాను. సూటిగా చెప్పు” అన్నాడు భర్త. “పిట్ట నంబరు ఆ పట్టీలో ఉందని నీకు ఎప్పుడు తెలిసింది?”

గమనికమ్మ మాడిన పాలగిన్నె దించి పక్కన పెట్టింది.

నిన్న పొద్దున అందరి ఫోన్లకీ వెళ్ళిన పట్టీ అది. హాజరు చాలని కారణంగా పరీక్షలకి కూర్చోనివ్వని విద్యార్థుల రోల్ నంబర్లు. అందులో పిట్ట నంబరు ఉంది. కూతురు కొంతకాలంగా క్లాసులకి వెళ్ళడం లేదని తండ్రికి ఆ పట్టీ చూశాకే తెలిసింది. పట్టీ చదివిన పిల్ల సాయంత్రం ఇంటికి రాలేదు.

“నిన్నే అడుగుతున్నాను.”

“మొన్న సాయంత్రం. ఆఫీసులో ఉండగా వచ్చింది పట్టీ.”

“అంటే మొన్న రాత్రి నలుగురం కూర్చుని తింటున్నప్పుడు నీకు తెలుసు.”

“తెలుసు.”

“పరీక్షలకి కొత్త పెన్ను కొనుక్కుంటానంది అది. రేపు కొనుక్కో అన్నావు నువ్వు. నేను విన్నాను.”

“అన్నాను.”

“ఎలా అనగలిగావు?”

“ఆఫీసు మాట ఇంట్లో చెప్పకూడదు. అందరికీ వెళ్ళేదాకా ఎవరికీ వెళ్ళకూడదు. ఇన్నేళ్ళు అదే పద్ధతి. మా అక్క కూతురి ఫలితాలు ముందురోజు చెప్పమని అక్క నా చేతులు పట్టుకుంది. చెప్పలేదు. రెండేళ్ళు మాట్లాడలేదు నాతో. అందరి పిల్లలకీ ఒక రూలు, నా కూతురికి ఒకటా? నా కూతురైతే మాత్రం చెప్పొచ్చా?”

“చెప్పొచ్చు” అంది అత్తగారు.

కోడలు ఆవిడవైపు చూసింది.

“నీ కూతురైతే చెప్పొచ్చు” అని మళ్ళీ అంది ముసలావిడ. గొంతు పెంచలేదు. “పట్టీలోంచి దాని నంబరు తీసెయ్యమనలేదు నేను. తప్పు చేసింది, అనుభవిస్తుంది. కానీ రాత్రి పక్కన కూర్చోబెట్టుకుని, ఇలా జరిగిందే, రేపు అందరికీ తెలుస్తుంది, గుండె దిటవు చేసుకో అని ఒక్క మాట అంటే నీ ఆఫీసు కూలిపోయేదా? ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టయింది నీ సంగతి.”

“అత్తయ్యా, నేను...”

“నన్నేం ఒప్పించకు. నేను నీ రిజిస్ట్రారుని కాను.”

భర్త ఫోను మోగింది. ముగ్గురూ ఒక్కసారి లేచారు. ఆయన కాలేజీలో బస్సుల వ్యవహారం చూస్తాడు. రాత్రి నుంచీ డ్రైవర్లందరికీ ఫోన్లు చేసి, మా అమ్మాయి బస్సులో సంచీ మర్చిపోయింది, ఎవరి బండెక్కిందో తెలియడం లేదు అని అబద్ధమాడుతున్నాడు. పాపం, అబద్ధమాడటం రాని మనిషి. సంచీ రంగు ఒక్కొక్కరికి ఒక్కోలా చెప్పాడు.

“ఆ, చెప్పు... ఎక్కడ?... ఒక్కతేనా?... సరే, సరే.” ఫోను పెట్టేశాడు. “డ్రైవరు నిన్న సాయంత్రం బస్సు తీస్తూ చూశాడట. లైబ్రరీ వెనక మెట్ల మీద కూర్చుని ఉందట. మాట్లాడించాలనుకున్నాడట గానీ వెనక బండివాడు హారన్ కొట్టాడట.”

“లైబ్రరీ వెనక ఏముందిరా?” అంది తల్లి.

“ఏమీ లేదమ్మా. పాత గదులు. మరమ్మతులకని అన్నీ మూసేశారు. చీమ కూడా పోదు అటు.”

గమనికమ్మ గుమ్మం పట్టుకుంది. ఆవిడ ముఖం చూసి అత్తగారు మంచినీళ్ళ గ్లాసు అందించబోయి ఆగింది.

“ఏమైంది?” అన్నాడు భర్త.

“ఏం లేదు. కాలేజీకి పోదాం పదండి. ఇప్పుడే.”

అత్తగారు మాత్రం కోడలి ముఖం మీంచి చూపు తిప్పలేదు. ఇంట్లో ఇంకో మాట దాగి ఉందని ఆవిడకి అర్థమైపోయింది.

*

ఇద్దరూ స్కూటరు మీద బయల్దేరారు. గేటు దగ్గర కాపలా అతను సలాం కొట్టి “ఇవాళ పొద్దున్నే వచ్చారే” అన్నాడు. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఇంట్లో ఏం జరుగుతున్నా బయటివాళ్ళకి నవ్వు చూపించడం వాళ్ళకి అలవాటే.

లైబ్రరీ వెనక మూడు గదులు, ఒక చిన్న వరండా, కింద మెట్లు. సున్నం బస్తాలు గోడకి ఆనించి ఉన్నాయి. మధ్య గది తలుపు మీద ఒకప్పుడు పలక ఉండేది. దాన్ని పీకేసిన చోట రంగు మారింది. తలుపుకి తాళం వేసి ఉంది.

గమనికమ్మ ఆ తాళాన్ని లాగి చూసింది. ఎందుకు లాగిందో ఆవిడకే తెలియదు.

“ఇక్కడ ఏముంది? ఇంటి దగ్గర నీ ముఖం చూశాను నేను” అన్నాడు భర్త.

“సలహాల గది ఉండేది. దిగులుగా ఉన్న పిల్లలు వచ్చి మాట్లాడుకునే చోటు.”

“దాన్ని మార్చారుగా. ఆరోగ్య కేంద్రం మేడ మీదికి. నువ్వే పంపావు గమనిక. బస్సుల్లో అంటించమని నాకూ ఇచ్చావు.”

“పంపాను.”

“మరి పిట్ట ఇక్కడికెందుకొచ్చింది?”

ఆవిడ ఫోను తీసి, నిన్నటి పట్టీ తెరిచి, వేలితో కిందికి, ఇంకా కిందికి జరిపి ఆయన చేతికిచ్చింది. నంబర్లన్నీ అయిపోయాక, సంతకాలు కూడా అయిపోయాక, చిన్న అక్షరాల్లో రెండు వాక్యాలున్నాయి.

‘మనసు బాగోలేని విద్యార్థులు సాయంత్రం వేళ లైబ్రరీ వెనక ఉన్న సలహాల గదికి రావచ్చు. తలుపు తీసే ఉంటుంది.’

ఆయన చదివాడు. తలుపు వంక చూశాడు. మళ్ళీ చదివాడు.

“ఇలాంటి పట్టీ పంపినప్పుడల్లా కింద ఆ మాట ఉండాలని రూలు” అంది ఆవిడ. “ప్రతిసారీ కొత్తగా రాయను. పోయినసారి పంపినదాన్నే తీసుకుని తేదీ మారుస్తాను, నంబర్లు మారుస్తాను. కింద ఏముందో... చూడలేదు.”

ఆ ఆఫీసులో అందరూ చేసే పనే అది. పాతదాన్ని తీసి, దుమ్ము దులిపి, తేదీ మార్చి పంపడం. ఒక ఏడాది స్వాగత సభ గమనికలో అంతకు ముందే రిటైరైన ప్రిన్సిపాల్‌ని అధ్యక్షుడిగా పిలిచారు. ఆయన నిజంగానే వచ్చి వేదిక మీద కూర్చున్నాడు. అసలు అధ్యక్షుడు కింద కూర్చోవాల్సి వచ్చింది. దాన్ని చెప్పుకుని చెప్పుకుని నవ్వారు అందరూ. అప్పుడు నవ్వినవాళ్ళలో గమనికమ్మ కూడా ఉంది.

“ఎవరూ చదవరు అంటావుగా ఎప్పుడూ” అన్నాడు భర్త.

“ఎవరూ చదవరు.”

“అది చదివింది.”

“అవును. అడుగు దాకా చదివింది.” ఆవిడ మెట్ల మీద కూలబడింది. “నేను రాసింది నమ్మి వచ్చిందండీ. అంత కోపంలోనూ, అంత అవమానంలోనూ అమ్మ పంపిన కాగితంలో ఏదో ఒక దారి ఉంటుందని చూసుకుంది. ఇక్కడిదాకా వచ్చి తాళం చూసింది.”

చుట్టుపక్కల ఎవరైనా చూస్తారేమోనన్న వెరపు కూడా లేకుండా ఏడ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆవిడని అలా చూడలేదు. పక్కన కూర్చోవాలనిపించింది. కూర్చోలేకపోయాడు. కోపం అడ్డొచ్చింది.

“ఇంట్లో ఎందుకు చెప్పలేదు ఈ మాట? డ్రైవరు చెప్పగానే నీకు తెలిసిపోయింది కదా?”

“భయమేసింది.”

“ఎవరికి భయపడ్డావు? నాకా?”

ఆయన మెట్లు దిగి సున్నం బస్తాల దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి అటే తిరిగి, “లే. కూర్చుంటే పని జరగదు. ఏం పంపుతావో పంపు. నేను అడ్డు చెప్పను” అన్నాడు.

*

రిజిస్ట్రారు మెత్తటి మనిషి. కఠినమైన మాట కూడా మెత్తగానే చెప్తాడు, అందుకే దాన్ని కాదనడం కష్టం.

“కూర్చోండమ్మా. మీ వారు చెప్పారు. నాకు చాలా బాధగా ఉంది. ఆచూకీ గమనిక వెంటనే పంపండి. నా అనుమతి ఉందనే అనుకోండి.”

“సార్, అందులో ఆ గది సంగతి కూడా రాయాలి.”

“ఏ గది?”

చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“అది ఇప్పుడెందుకు? వచ్చే వారం చిన్న సవరణ వేద్దాం. ఎవరూ గమనించరు.”

“మా అమ్మాయి ఒక్కతే కాదు సార్ ఆ పట్టీలో ఉన్నది. అది చదివి ఆ తలుపు దాకా వెళ్ళినవాళ్ళు ఇంకా ఉండొచ్చు. వాళ్ళలో ఎవరో ఒకరు మా అమ్మాయిని చూసి ఉంటారు. కానీ నేను ఫలానా గదికి వెళ్ళాను అని ఏ పిల్లయినా పైకి చెప్తుందా? సిగ్గుపడుతుంది. తప్పు మాది, మీది కాదు అని ముందు మనం చెబితేనే నోరు విప్పుతారు.”

“తప్పు మాది అని మీరంటే అది కాలేజీ తప్పవుతుంది.”

“అవును సార్.”

“రేపు పిల్లకి ఏదైనా... దేవుడు చల్లగా చూస్తాడు, ఏమీ కాదు. కానీ అయితే, మీ నోటితో మీరు ఒప్పుకున్నట్టవుతుంది. మీ ఉద్యోగం సంగతి కూడా ఆలోచించుకోండి.”

“ఆలోచించుకున్నాను సార్.”

అది అబద్ధం. ఆవిడ తలలో ఆ క్షణాన పిట్ట తప్ప ఇంకేమీ లేదు. నమస్కారం పెట్టి బయటికి వచ్చింది. రాసి పంపితే రిజిస్ట్రారు చూసి ఆమోదించాలి. మైకుకి ఆ బాధ లేదు. దాని మీట ఆవిడ బల్ల పక్కనే ఉంటుంది.

కాలేజీలో చెట్టు చెట్టుకీ, మలుపు మలుపుకీ ఒక స్పీకరు ఉంది. క్యాంటీన్లో ఉంది, హాస్టళ్ళలో ఉంది, బస్సులు ఆగే చోట ఉంది. జెండా ఎగరేసే రోజున, నిప్పు అంటుకుంటే ఏం చేయాలో నేర్పే రోజున తప్ప దాన్ని వాడరు. వాడినప్పుడల్లా ఆవిడ కాగితం చూసే చదివేది. చేతిలో కాగితం లేకుండా ఆ మైకు ముందు కూర్చోవడం ఇదే మొదటిసారి.

భర్త గది మూలన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ మీట నొక్కింది.

“విద్యార్థులకు, సిబ్బందికి గమనిక.”

ఎక్కడో ఆవరణలో ఎవరో ఆ గొంతుని అనుకరించి పాడారు. ఇంకెవరో నవ్వారు. కిటికీలోంచి వినిపిస్తూనే ఉంది.

“నేను ప్రకటనల విభాగం నుంచి మాట్లాడుతున్నాను. నిన్న పొద్దున హాజరు పట్టీ పంపాను. దాని అడుగున, సలహాల గది లైబ్రరీ వెనక ఉంది, తలుపు తీసే ఉంటుంది అని రాసి ఉంది. అది తప్పు. ఆ గది అక్కడ లేదు. పాత కాగితం చూసుకోకుండా పంపేశాను. అది నా తప్పు.”

బయట నవ్వులు ఆగాయి.

“అది చదివి అక్కడికి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే... ఆ తాళం మిమ్మల్ని రావద్దని వేసింది కాదు. మీరు వస్తారని అక్కడ ఎవరికీ తెలియదు. అంతే. నిన్న సాయంత్రం ఆ మెట్ల మీద ఒక అమ్మాయి కూర్చుంది. మా అమ్మాయి. ఇంటికి రాలేదు. మీలో ఎవరైనా చూస్తే చెప్పండి. ఎందుకు వెళ్ళారని మిమ్మల్ని ఎవరూ అడగరు.”

అక్కడితో ఆపేయాలనే అనుకుంది. ఆపలేకపోయింది.

“పిట్టా. నాకు ముందు రాత్రే తెలుసమ్మా. పక్కన కూర్చుని కూడా చెప్పలేదు. నువ్వు వచ్చి నన్ను ఏమన్నా అను. రా.”

తర్వాత మీట తియ్యాలన్న సంగతి మర్చిపోయింది. ఆవిడ ఏడుపు క్యాంటీన్లోకీ హాస్టళ్ళలోకీ బస్సుల దగ్గరికీ వెళుతూనే ఉంది. భర్త లేచి వచ్చి మీట ఆపేశాడు. అలా ఆపిన చేతిని ఆవిడ భుజం మీద పెట్టాడు.

బల్ల మీద ఫోను మోగింది. రిజిస్ట్రారు గదిది. ఇద్దరూ దాని వంక చూస్తూ కూర్చున్నారు. అది మోగి మోగి ఆగిపోయింది.

*

కాసేపటికి గుమ్మం దగ్గర ఒక బక్కపల్చటి అమ్మాయి వచ్చి నిలబడింది. తనకంటే రెండింతలున్న స్వెట్టరు చేతుల్లోకి వేళ్ళు దాచుకుంది.

“గమనికమ్మ గారంటే... సారీ మేడమ్. ప్రకటనల ఆఫీసు ఇదేనా?”

“ఇదేనమ్మా. లోపలికి రా.”

ఆ అమ్మాయి రాలేదు. “నా నంబరు కూడా ఉంది ఆ పట్టీలో” అంది. “నేనూ వెళ్ళాను ఆ గదికి. అప్పటికే మీ అమ్మాయి ఉంది అక్కడ. ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం.”

గమనికమ్మ కుర్చీలోంచి లేచింది. భర్త అంతకు ముందే లేచాడు.

“ఎక్కడుందమ్మా? నీకు తెలుసా?”

ఆ అమ్మాయి నేల చూపులు చూసింది. “తెలుసు అంకుల్.”

“చెప్పు తల్లీ. నీకు పుణ్యముంటుంది.”

“చెప్తాను. అందుకే వచ్చాను. మేడమ్ ఏడుస్తుంటే హాస్టల్లో అందరం విన్నాం. కానీ...” ఆ పిల్ల ఇద్దరి ముఖాల్నీ మార్చి మార్చి చూసింది. గమనికమ్మ దగ్గర ఆగలేక చూపు తప్పించుకుంది. “ఎవరికైనా చెప్పుకోమంది. మేడమ్‌కి మాత్రం చెప్పనని ఒట్టు వేయించుకుంది.”



భర్త ఏదో అనబోయాడు. గమనికమ్మ చెయ్యెత్తి ఆపింది. ముఖంలో నెత్తురు లేదు గానీ గొంతు మామూలుగానే ఉంది.

“అయితే ఆయనకి చెప్పమ్మా. నేను బయట ఉంటాను.”

ఆ అమ్మాయిని దాటుకుని నడవాలోకి వచ్చి, తలుపు తనే దగ్గరికి లాగింది. లోపల గొంతులు వినపడుతున్నాయి. ఇంకో నాలుగడుగులు వేస్తే వినపడవు. నాలుగడుగులూ వేసింది. గోడ వైపు తిరిగి నిలబడింది. కన్నతల్లి వినకూడని మాట ఒకటి ఆ గదిలో చెప్పుకుంటున్నారు, ఆవిడే తలుపు వేసి వచ్చింది.

తలుపు తెరుచుకుంది. భర్త బయటికి వస్తూనే ఫోనులో మాట్లాడుతున్నాడు. “బస్సు కాదు. ఆరోగ్య కేంద్రం బండి తియ్యి. డాక్టరుగారిని కూడా ఎక్కించుకో. దారి నేను చెప్తాను.”

“ఏవండీ.”

ఆయన ఆగాడు.

“ఉంది” అన్నాడు. “రాత్రి నుంచీ ఒళ్ళు కాలిపోతోందట. పొద్దున మాట కూడా తేడాగా ఉందట. ఆరోగ్య కేంద్రానికి పోదాం రమ్మని ఈ పిల్ల బతిమాలిందట, రానందట. అక్కడ చేరినవాళ్ళ వివరాలు రోజూ మీ ఆఫీసుకి చెప్తారటగా?”

“చెప్తారు. అంటురోగం ఏదైనా వస్తే గమనిక వెయ్యాలని.”

“పేరు నీ చెవిన పడుతుందని రానందట.”

“నేనూ వస్తాను.”

“వద్దు” అన్నాడు ఆయన. “నిన్ను చూస్తే బండెక్కదు. ఈ పిల్లకి మాటిచ్చాను నేను. తిట్టడానికి కాదు చెప్తున్నది. దాన్ని ఎక్కించనివ్వు ముందు.”

ఆవిడ తల ఊపింది. ఆయన మెట్లు రెండేసి చొప్పున దిగిపోయాడు. ఆ అమ్మాయి ఆయన వెనకే పరిగెత్తింది.

గమనికమ్మ గదిలోకి వచ్చి కూర్చుంది. కిటికీ పక్కనుంచే రోడ్డు పోతుంది. కాస్త వంగితే చాలు, బండి హాస్టళ్ళ వైపు తిరిగిందో వెనక గేటు వైపు తిరిగిందో కనిపిస్తుంది. ఆవిడ కుర్చీని అటు వీపు వచ్చేలా తిప్పుకుంది. బండి వెళ్ళిన చప్పుడు వింది. ఎంతోసేపటికి తిరిగి వచ్చిన చప్పుడు కూడా వింది. వెళ్ళినప్పటికంటే వేగంగా వచ్చింది.

అత్తగారు ఫోను చేసింది. “దొరికిందా?” అంది.

“దొరికింది అత్తయ్యా.”

“ఎలా ఉంది?”

“తెలియదు.”

“తెలియదంటే ఏంటే? పక్కన లేవా నువ్వు?”

“లేను. ఆయనున్నారు.”

ముసలావిడ ఏమనుకుందో, మళ్ళీ ఏమీ అడగలేదు. “నేను వస్తున్నాను, నీ దగ్గరికే వస్తాను” అని పెట్టేసింది.

బల్ల మీది ఫోను మళ్ళీ మోగింది. రిజిస్ట్రారేమో అనుకుని చూసింది. కాదు, ఆరోగ్య కేంద్రం. కొత్తగా ఎవరినైనా చేర్చుకున్నప్పుడల్లా నర్సు చేసే మామూలు ఫోనే అది. పేరు, నంబరు, ఏ విభాగం, ఏం జబ్బు, వరసగా చెప్తుంది. ఆవిడ వరసగా రాసుకుంటుంది.

ఆవిడ చెయ్యి ఫోను మీదికి వెళ్ళి, వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

“మేడమ్, ఇప్పుడే ఒకమ్మాయిని తీసుకొచ్చారండి. రాసుకుంటారా? పేరు...”

“పేరు చెప్పకండి.”

“అండీ?”

“పేరు వద్దు, నంబరు వద్దు. నాకు చెప్పలేదనే చెప్పండి తనకి, ఎప్పుడడిగినా సరే.” ఆవిడ రెండో చేత్తో బల్ల అంచు పట్టుకుంది. “ఎలా ఉందో అదొక్కటీ చెప్పండి.”

అటువైపు ఎవరో గట్టిగా ఏదో అడుగుతున్నారు, ఎవరో పరిగెడుతున్నారు.

“లైన్లోనే ఉండండి మేడమ్” అంది నర్సు చివరికి. “డాక్టరుగారికి ఇస్తున్నాను.”